కాంతిని పట్టే రంజకాలు: అద్దకం నుంచి సౌరఘటం దాకా

పార్వతీపురం మన్యం జిల్లా గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవర, జాతాపు గిరిజనులు పసుపు పండిస్తారు, అడవిలో కరక్కాయలు సేకరిస్తారు. అద్దకంలో ఈ రెండింటి పాత్రలు వేరు. పసుపు రంగునిస్తుంది కాని ఎండకు త్వరగా వెలిసిపోతుంది. కలంకారీలో కరక్కాయ, పటిక రంగును నూలుకు పట్టిస్తాయి. చిరివేరు ఎరుపు తరతరాలు నిలిచింది ఆ పట్టు వల్లనే. రంజక సౌరఘటాల (డై సెన్సిటైజ్డ్ సోలార్ సెల్స్) చరిత్రకూ ఈ భేదమే కీలకం.

1873లో బెర్లిన్‌లో హెర్మన్ వోగెల్ ఒక విషయం గమనించాడు. ఫొటోగ్రఫీ పలకలోని వెండి లవణాలు సహజంగా నీలికాంతికే స్పందిస్తాయి. రంజకం చేరిస్తే ఆకుపచ్చ కాంతికీ స్పందిస్తాయి. 1887లో వియన్నాలో జేమ్స్ మోజర్ ఈ సూత్రాన్ని విద్యుత్ ఘటానికి అన్వయించాడు. అయితే నునుపైన తలంపై ఒక్క పొరగా నిలిచిన రంజకం స్వల్పకాంతినే గ్రహిస్తుంది. 1991లో లొసాన్‌లో బ్రయన్ ఓరీగన్, మైఖేల్ గ్రెట్జెల్ టైటానియం డయాక్సైడ్ నానో రేణువుల పొరతో ఈ పరిమితిని అధిగమించారు. సామర్థ్యం 7 శాతం దాటింది.

ఈ ఘటంలో రంజకం కాంతిని గ్రహించి ఎలక్ట్రాన్‌ను ఆక్సైడుకు అందిస్తుంది. ద్రావణంలోని అయొడైడు ఆ లోటును పూరిస్తుంది. రంజక అణువులోని కార్బాక్సిల్ సమూహాలు ఆక్సైడును పట్టుకుంటాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధించి లొసాన్ చేరిన మొహమ్మద్ ఖాజా నజీరుద్దీన్ ప్రథమ రచయితగా 1993లో వెలువడిన పత్రం, 'ఎన్3' అనే రుథీనియం రంజకంతో 10 శాతం సామర్థ్యాన్ని నమోదు చేసింది. రుథీనియం అరుదైన లోహం. అందువల్ల హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, లొసాన్ శాస్త్రజ్ఞులతో కలిసి 2007లో జింకు థాలోసయనిన్ రంజకాన్ని ప్రకటించింది. దాని సామర్థ్యం సుమారు 3 శాతమే అయినా, రుథీనియం రంజకాలు సరిగా గ్రహించలేని దూరపు ఎరుపు కాంతిని అది గ్రహించింది.

మొక్కల రంగుల స్థితి భిన్నం. 2010లో మెక్సికో పరిశోధకులు జాఫ్రా గింజల బిక్సిన్‌తో సాధించింది సుమారు 0.5 శాతమే. బిక్సిన్‌లో కార్బాక్సిల్ సమూహం ఉంది. అంటే పట్టు అవసరమే కాని, అదొక్కటే చాలదు. ఎలక్ట్రాన్ బదిలీ వేగంగా జరగాలి, రంజకం ఏళ్ల తరబడి ఎండకు ఓర్వాలి.

కాబట్టి అటవీ రంజకాలతో గిరిజన గ్రామాలకు చవక విద్యుత్తు లభిస్తుందనే వాదనను రంగు గాఢతను బట్టి అంగీకరించలేం. పట్టు, బదిలీ, మన్నిక అనే మూడు పరీక్షల్లో నెగ్గేదాకా మన్యపు పసుపుకూ కరక్కాయకూ న్యాయమైన విలువ వంటింటిలో, వైద్యంలో, అద్దకంలోనే ఉంటుంది. నిరూపణ కాని సౌరవిద్యుత్ ఆశ చూపి ఆ విలువను మరుగుపరచడం గిరిజన సేకర్తలకు మేలు చేయదు.