కాపరుల కనుమల మీదుగా ధమ్మం

ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్‌కు దక్షిణంగా అభన్‌పూర్ అనే చిన్న పట్టణం ఉంది. పాత చిన్న రైలు ఇక్కడ రెండు దారులుగా చీలి, ఒకటి ధంతరికి, ఒకటి మహానది ఒడ్డున ఉన్న రాజిమ్‌కు పోయేది. ఇప్పుడు ఈ పట్టణం సమీపం నుంచే విశాఖపట్నానికి సుమారు 465 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి మొదలవుతోంది. కోసలకూ ఆంధ్రకూ దారి ఇప్పుడే పడుతున్నదని ఎవరైనా అంటే మనం ఒప్పుకోనక్కరలేదు. ఈ నేల ప్రాచీన దక్షిణ కోసలం. క్రీ.శ. 639 ప్రాంతంలో హ్యుయాన్‌త్సాంగ్ కళింగం నుంచి కొండలు, అడవులు దాటి ఇక్కడికి వచ్చాడు. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజు ఆదరణలో ఈ దేశంలో నివసించాడని రాసుకున్నాడు. ఇక్కడి నుంచి దక్షిణంగా మహారణ్యం గుండా 900 లీలు నడిచి ఆంధ్రదేశం, ఆపైన ధాన్యకటకం చేరాడు. అక్కడ కొన్ని నెలలు ఆగి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు.

యాత్రికుల పేర్లు మనకు తెలుసు. వారు నడిచిన బాటలు ముందుగా ఎవరివి? అడవిలో పశువుల కాపరివి, మంచుకొండల్లో గొర్రెల కాపరివి.

హిమాలయాల్లో ధౌళాధర్ శ్రేణిపై ఇంద్రహార్ అనే కనుమ ఉంది. ఎత్తు 4,342 మీటర్లు. మంచు కరిగే కాలంలో గద్దీ కాపరులు కాంగ్రా వైపు నుంచి మందలను దాన్ని దాటించి చంబా వైపు పచ్చికలకు తోలుకుపోతారు. చలి రాకముందే తిరిగి దిగుతారు. ఒంటిమీద ఉన్ని చోళా, నడుముకు చుట్టుకున్న ఉన్నితాడు, వెంట కాపలా కుక్కలు. నడవలేని గొర్రెపిల్ల ఆ చోళా మడతలోనే కొండ దాటుతుంది. ఎండెక్కితే మంచు మెత్తబడి కాలు దిగబడుతుంది కనుక తెల్లవారకముందే నడక మొదలుపెట్టాలి. ఇది పుస్తకంలో నేర్చిన విద్య కాదు. తాతలు పాదాలతో రాసిపెట్టిన విద్య.

తథాగతుడు ఈ విద్యకు విలువ ఇచ్చాడు. మజ్ఝిమ నికాయంలోని చూళగోపాలక సుత్తంలో గంగ దాటించే ఇద్దరు పశువుల కాపరుల ఉపమానం ఉంది. తెలివిలేనివాడు రెండు ఒడ్లూ చూడకుండా రేవు కానిచోట మందను దింపి నట్టేట ముంచాడు. తెలివైనవాడు ముందు పెద్ద ఎడ్లను, తరువాత బలమైన పశువులను, ఆ తరువాత దూడలను, బక్కవాటిని దాటించాడు. అప్పుడే పుట్టిన లేగ కూడా తల్లి అరుపు వింటూ ఒడ్డు చేరింది. అందరికన్నా బలహీనమైన ప్రాణి దాటగలిగిందా లేదా అన్నదే దారి తెలిసినవాడికి కొలత.

1929లో రాహుల్ సాంకృత్యాయన్ భిక్షగాడి వేషంలో నేపాల్ మీదుగా టిబెట్‌కు నడిచాడు. పదహారు, పదిహేడు వేల అడుగుల ఎత్తున థోంగ్‌లా కనుమ. చుట్టూ మైళ్ళ దూరం ఊరు లేదు, దొంగల భయం. కనుమ శిఖరాన రాళ్ళ కుప్ప, జంతువుల కొమ్ములు, రంగురంగుల గుడ్డ జెండాలు కనిపించాయి. అయితే ఆయన రాసినవాటిలో మనం మరువరానిది వేరొకటి ఉంది. అక్కడ కులం లేదు, అంటు లేదు. ముక్కూమొహం తెలియని బాటసారి కూడా ఇంటి లోపలికి వెళ్ళి టీ కాచి ఇమ్మని అడగవచ్చు. మన పల్లెల్లో ఊరి చెరువు నీళ్ళు ముట్టుకోనివ్వని కాలమది. 1927లోనే బాబాసాహెబ్ మహాడ్‌లో ఆ నీటి కోసం నడిచాడు.

ఆ దారుల ఫలం మన దాకా వచ్చింది. నాగార్జునుని 'విగ్రహవ్యావర్తని' సంస్కృత మూలం ఈ దేశంలో కనుమరుగైంది. టిబెటన్, చీనీ అనువాదాలే మిగిలాయి. 1936లో టిబెట్‌లోని షాలూ విహారంలో రాహుల్‌జీకి దాని ప్రతి దొరికింది. మరుసటి ఏడు జయస్వాల్‌తో కలిసి అచ్చువేయించాడు. తన పుట్టినగడ్డ పోగొట్టుకున్న గ్రంథాన్ని మంచుకొండల ఆవలి విహారం దాచిపెట్టింది. పోయినప్పుడూ, తిరిగి వచ్చినప్పుడూ ఆ జ్ఞానం కనుమలు దాటింది.

1954 ఏప్రిల్ 29న భారత్, చీనా చేసుకున్న ఒప్పందంలో వర్తకులకు, యాత్రికులకు షిప్కీలా, లిపులేఖ్ మొదలైన ఆరు కనుమల పేర్లు రాశారు. 1962 యుద్ధంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. తరతరాలుగా అటూ ఇటూ తిరిగిన కొండజాతులకు బతుకుదారి తెగింది. లిపులేఖ్‌లో వర్తకం మళ్ళీ మొదలయ్యేసరికి 1992 వచ్చింది.

అభన్‌పూర్ రహదారి మీద రేపు లారీలు విశాఖ రేవుకు పరుగెడతాయి. మంచిదే. అయితే దారి చరిత్ర రాసేటప్పుడు రాజునూ గుత్తేదారునూ మాత్రమే రాసి, దాన్ని మొదట తొక్కిన కాపరిని వదిలేస్తే అది సగం చరిత్రే. చరిత్ర నుంచి వెలివేయబడిన మనకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. నాగార్జునుని పేరు చెప్పుకునే ప్రతిచోటా, ఆ గ్రంథం దాటిన కనుమల్లో బాట తీర్చిన పేరులేని ఆ పాదాలనూ తలచుకుందాం.