అక్షరమునకు ముందటి గుర్తులు

మానవుడు అక్షరము నేర్చుటకు వేల సంవత్సరములకు పూర్వమే తన భావమును రాతిపై నిలిపెను. 1879లో స్పెయిను దేశమందలి అల్తమిరా గుహలో చిత్రములు బయటపడినప్పుడు పండితులు పెక్కురు వాని ప్రాచీనతను నమ్మలేదు. పిదప నమ్మిక కుదిరినను, చూపరుల దృష్టి జంతువుల బొమ్మలపైననే నిలిచెను. వాని ప్రక్కనున్న చుక్కలు, గీతలు, వృత్తములు వట్టి అలంకారములని తోచెను. ఐరోపా గుహలను పరిశీలించిన జెనివీవ్ వాన్ పెట్జింగర్ అను విదుషి, ముప్పదివేల సంవత్సరముల కాలములో మరల మరల కన్పించు రేఖాచిహ్నములు 32 రకములేయని లెక్కించెను. ఊరక గీసిన గీతలైనచో ఇంత తక్కువ రకములు ఇంత దీర్ఘకాలము నిలుచునా?

తెలుగునాట ఇట్టి చిహ్నములు భూపాలపల్లి ప్రాంతమందలి పాండవుల గుట్టపై కలవు. 1990లో వెలుగులోనికి వచ్చిన ఆ చిత్రములలో అడవిదున్న, జింక, పులులతోపాటు స్వస్తికము, వృత్తములు, చతురస్రములు కన్పట్టును. అవి యన్నియు నొకే కాలమువి కావు. ఖడ్గము పట్టిన మనుష్యుని బొమ్మ లోహము తెలియకముందు పుట్టనేరదు. ఇట్టి చిత్రములకు ఎరుపునిచ్చు జేగురుమన్ను మన పల్లెలకు క్రొత్తది కాదు. అందలి రంగు ఇనుపతుప్పు జాతిది కావున ఎండకు త్వరగా వెలియదు.

రంగు నిలిచెను గాని అర్థము నిలువలేదు. ముంగిట ముగ్గును ఎరుగని పరదేశి అందు చుక్కలను, గీతలను మాత్రమే చూచును. దాని పేరు, పండుగ, వేళ ఇంటివారు చెప్పవలసినదే. గుట్టపై చతురస్రమును గూర్చి చెప్పువారు నేడు లేరు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ల చెంత మాత్రము ఒక శిలపైనున్న చిన్న గుంటలు సప్తర్షి మండలమును పోలియున్నవని పరిశోధకులు గుర్తించిరి. ఆ నక్షత్రములు నేటికిని ఆకాశమున నున్నవి కావుననే పోల్చుటకు వీలయ్యెను. ఆ స్థలము 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది.

అర్థము తెలియని గుర్తును చెరుపుట సులభము. చూడవచ్చినవారు బొగ్గుతో పేర్లు వ్రాయుదురు. బొమ్మ స్పష్టముగా కన్పించుటకై నీరు చల్లుదురు. రాయి కొట్టువారు గుట్టనే పగులగొట్టుదురు. గ్రంథము చిరిగినచో మరియొక ప్రతి దొరకవచ్చును. శిలకు రెండవ ప్రతి లేదు. నారాయణఖేడ్ పరిసరముల గుట్టలలో పశువుల కాపరికైనను, కట్టెలకు పోయినవారికైనను ఇట్టి గుర్తు కన్పించినచో, దానిని తాకక, తడుపక, పురావస్తు శాఖకు తెలుపుట ఉచితము. నేడు చదువరానిది రేపటివారు చదువవచ్చును. అందులకు ముందుగా అది మిగిలియుండవలెను.