ఆపాలంటే 'స్టార్ట్' అని పంపాలి

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, ఫోన్ నెమ్మదైపోయిందని నాన్న నా చేతికిచ్చాడు. మెసేజ్‌లు తెరిచి చూస్తే చదవనివి నాలుగు వేల పైచిలుకు. మీ ప్లాన్ రేపటితో ముగుస్తుంది. మీ డేటా సగం అయిపోయింది. ఈరోజే రీచార్జ్ చేస్తే అదనంగా ఇంత. కిందికి జరుపుతూ పోతే అన్నీ ఒకరే పంపినవి, ఆయన సిమ్ కంపెనీ వాళ్ళు. మధ్యమధ్యలో కరెంటు బిల్లు, బ్యాంకు వాళ్ళ హెచ్చరిక, రెండేళ్ళ క్రితం నేను పంపిన రైలు టికెట్ వివరాలు. అవి కూడా తెరవలేదు.

"మెసేజ్ అంటే వాళ్ళదేగా. నేను చూడనురా" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎందుకంటే ఇంజనీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం అలాంటి మెసేజ్‌లు పంపించే కంపెనీలోనే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పిలవని పేరంటంగా వచ్చే సందేశం సెల్‌ఫోన్‌తో పుట్టలేదు. 1864లో లండన్‌లో కొందరు పార్లమెంటు సభ్యుల ఇళ్ళకి టెలిగ్రాములు వచ్చాయి. విప్పి చూస్తే పళ్ళ డాక్టర్ల ప్రకటన: ఫలానా వీధిలో మా ఆసుపత్రి, ఫలానా వేళల్లో తెరిచి ఉంటుంది. ఒకాయనకి ఒళ్ళు మండి టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు. ఆ కోపం మనకి సులువుగా అర్థమవుతుంది. మన ఇళ్ళలో టెలిగ్రాం అంటే ఏమిటో తాతల్ని అడిగితే చెబుతారు. సైకిల్ బెల్లు మోగితే ముందు ఏడుపు మొదలై, తర్వాత కవరు విప్పేవాళ్ళు. మనిషి గుండె దడదడలాడే దారొకటి ఉందని కనిపెట్టి, ఆ దారిలో సరుకు అమ్ముకోవచ్చని మొదట గ్రహించింది ఆ పళ్ళ డాక్టర్లే కావచ్చు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల గురించి అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి ఈమెయిల్ కొట్టాడు. చీవాట్లు పడ్డాయి. ఈమెయిల్ స్పామ్ చరిత్రని అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఎస్సెమ్మెస్ సంగతి వేరు. 1985లో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు టైప్‌రైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలు కొడుతూ ఒక్కోదానికి ఎన్ని అక్షరాలు పడుతున్నాయో లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే వచ్చాయి. చాలు అనుకున్నాడు. సందేశం వెళ్ళడానికి కొత్త దారి వెయ్యలేదు. ఫోనూ టవరూ తమలో తాము కబుర్లు చెప్పుకునే సిగ్నలింగ్ దారి ఒకటి ఎలాగూ ఉంటుంది, అందులో ఖాళీగా ఉన్న చోట దీన్ని కూర్చోబెట్టారు. అంటే కంపెనీకి ఒక మెసేజ్ మొయ్యడానికి అయ్యే ఖర్చు ఇంచుమించు సున్నా. తర్వాత జరిగిన కథంతా ఈ సున్నా చుట్టూనే తిరుగుతుంది. 1992 డిసెంబర్ 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడు తన కంప్యూటర్ నుంచి వోడాఫోన్ అధికారి రిచర్డ్ జార్విస్ ఫోన్‌కి మొదటి మెసేజ్ పంపాడు. 'మెర్రీ క్రిస్మస్'. పంపింది కంప్యూటర్, అందుకున్నది మనిషి. తిరిగి జవాబు కొట్టడానికి జార్విస్ ఫోన్‌లో వీలే లేదు. మొదటి మెసేజే ఏకపక్షం.

ఇక్కడ చిన్న పక్కదారి. ఆ 160 అక్షరాలు ఇంగ్లీషువి. మొత్తం 140 బైట్లు, అక్షరానికి ఏడు బిట్ల చొప్పున సర్దితే 160 వస్తాయి. తెలుగుకి యూనికోడ్ కావాలి, అంటే ఒక్కోదానికి రెండు బైట్లు, కాబట్టి 70. ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే ఆరు ఖర్చవుతాయి. అందుకే మన ప్రేమలు, పోట్లాటలు, పండగ శుభాకాంక్షలు అన్నీ ఇంగ్లీషు లిపిలో తెలుగుగా నడిచాయి. కంపెనీలు పంపేవి మాత్రం ఇంగ్లీషులో ఇంగ్లీషుగానే వచ్చాయి. నాన్నకి రాని భాషలో.

మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న వెళ్ళింది. కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీలో టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. 2003 దాకా మనకి వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బులు కట్టాం. వచ్చిన మెసేజ్‌కి మాత్రం పైసా లేదు. ఉచితంగా వచ్చేదాని మీద ఫిర్యాదేమిటన్న ధోరణి అందుకే చాలాకాలం నడిచింది. ఈలోగా టెలిమార్కెటింగ్ మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, 2007 జూన్‌లో ట్రాయ్ మొదటి నిబంధనలు తెచ్చింది, ఆ అక్టోబర్‌లో 'డు నాట్ కాల్' రిజిస్ట్రీ మొదలైంది. వద్దనుకునేవాళ్ళు 1909కి మెసేజ్ పంపాలి. అమల్లోకి రావడానికి అప్పట్లో 45 రోజులు పట్టేది.

ఏమని పంపాలో తెలుసా? 'స్టార్ట్ డీఎన్‌డీ'.

ఆపమని చెప్పడానికి స్టార్ట్ అనాలి. విసిగిపోయి 'స్టాప్ డీఎన్‌డీ' అని పంపారనుకోండి, అది ఉన్న రక్షణని తీసేస్తుంది. ప్రోగ్రామర్‌గా ఈ తర్కం నాకు అర్థమవుతుంది. డీఎన్‌డీ అనేది ఒక సర్వీసు, దాన్ని మొదలుపెడుతున్నాం. కానీ అది కంపెనీ సర్వర్ గదిలో కూర్చున్నవాడి వ్యాకరణం. కోపంతో ఫోన్ పట్టుకున్నవాడి నోటికి మొదట వచ్చేమాట 'స్టాప్'.

ఆ నిబంధనల్లో ఇంకొక వాక్యం ఉంది. అవాంఛిత వాణిజ్య సందేశం అంటే ఏమిటో నిర్వచిస్తూ కొన్ని మినహాయింపులు ఇచ్చారు. మొదటిది: ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందం కింద, ఒక సేవకో లావాదేవీకో సంబంధించిన సందేశాలు లెక్కలోకి రావు. ప్రచారం కోసం పంపేవాటికి ఈ మినహాయింపు లేదని బ్రాకెట్లలో రాశారు కూడా. మంచి వాక్యమే. కానీ మనకి అందరికంటే ముందు ఒప్పందం ఉన్నది ఎవరితో? సిమ్ కంపెనీతో. 'మీ డేటా సగం అయిపోయింది' అనేది సమాచారం. 'ఈ ప్యాక్ వేయించుకోండి' అనేది ప్రచారం. రెండూ ఒకే మెసేజ్‌లో వస్తే? ఏది ఏదో తేల్చేది ఎవరు? ఫిర్యాదు చెయ్యాలన్నా ఆ 1909 నడిపేది ఎవరి కంపెనీ వాళ్ళే కదా. కంచే చేను మేస్తే అంటారే, ఇక్కడ కంచెకి రిజిస్టర్ నింపే ఉద్యోగం కూడా ఇచ్చారు.

2007 రిజిస్ట్రీ పెద్దగా పని చెయ్యలేదు. ట్రాయ్ 2010లో కొత్త నిబంధనలు రాసింది, 2011 సెప్టెంబర్ 27 నుంచి పూర్తిగా అమలయ్యాయి. ఆ తేదీ నాకు బాగా గుర్తు. నేను అప్పటికి అమీర్‌పేటలో ఒక బల్క్ ఎస్సెమ్మెస్ కంపెనీలో చేరి మూడు నెలలు. మా ఆఫీసులో రెండు వారాలు ఎవరూ సరిగా నిద్రపోలేదు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది దాకా ప్రచార సందేశం పోకూడదు. బ్యాంకింగ్, రియల్ ఎస్టేట్, చదువు, ఆరోగ్యం అంటూ ఏడు వర్గాలు, జనం కావాల్సింది ఎంచుకోవచ్చు, లేదా 'స్టార్ట్ 0' అని పంపి అన్నీ ఆపెయ్యొచ్చు. తప్పు చేసిన టెలిమార్కెటర్‌కి 25 వేలతో జరిమానా మొదలు. మామూలు సిమ్ నుంచి రోజుకి వంద మెసేజ్‌లు మించకూడదు (నవంబర్‌లో రెండొందలు చేశారు. కాలేజీ పిల్లల శాపనార్థాలు ఫలించాయి లెండి). ఆ రెండొందల పరిమితి ప్రచారం కాని మామూలు సందేశాలకి వర్తించదని మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

మా డేటాబేస్‌లో ప్రతి మెసేజ్ పక్కన ఒక గడి ఉండేది. ప్రచారమైతే 1, లావాదేవీ అయితే 0. ఒకటి ఉంటే డీఎన్‌డీ నంబర్లు వడకట్టబడతాయి. సున్నా ఉంటే అందరికీ పోతుంది. నిబంధన మొత్తం ఆ ఒక్క గడిలో ఉంది. దసరాకి ముందు ఒక బట్టల షాపు వాళ్ళు డిస్కౌంట్ మెసేజ్ ఇచ్చారు. వడకట్టాక సగం నంబర్లు కూడా మిగల్లేదు. మా మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి, "వాళ్ళ పాత కస్టమర్లే కదా. ప్రచారం ఎందుకవుతుంది, సమాచారం" అన్నాడు. నేను 1 తీసి 0 పెట్టాను. అరసెకను కూడా పట్టలేదు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఏడెనిమిది సార్లు పెట్టి ఉంటాను.

సరిగ్గా అదే కాలంలో ఊళ్ళో నాన్న ఏం చేస్తున్నాడో మొన్న సంక్రాంతికి తెలిసింది. ఎరువుల కొట్టు వాళ్ళిచ్చిన 2011 పాకెట్ డైరీ బీరువాలో దొరికింది. నవంబర్ పేజీల్లో ఆయన గుండ్రటి అక్షరాలు: 'రీచార్జి 50. అబ్బాయికి చేసింది 2 సార్లు. 30 పోయింది.' పక్కన ఒక ప్రశ్నార్థకం. నెల తర్వాత మళ్ళీ 30, మళ్ళీ ప్రశ్నార్థకం. ఆ శీతాకాలం నాన్న నాకు ఫోన్ చెయ్యడం బాగా తగ్గించేశాడు. కొత్త ఉద్యోగం, బిజీగా ఉంటానని అనుకున్నాడేమోనని సర్దుకున్నాను. నిజానికి ఫోన్ చేసినందుకే డబ్బులు పోతున్నాయేమోనని భయపడ్డాడట. "నేనే ఏదో నొక్కి ఉంటాను" అన్నాడు, ఇన్నేళ్ళ తర్వాత కూడా.

ఆయన నొక్కిందేమిటో ఊహించగలను. ఆ రోజుల్లో కాల్ అయిపోగానే తెర మీద బ్యాలెన్స్ చూపించే చిన్న పెట్టె వచ్చేది. కొన్నిసార్లు దాని బదులు, అచ్చం అలాంటి పెట్టెలోనే, పాటో జాతకమో క్రికెట్ స్కోరో కావాలా అని ఇంగ్లీషులో అడిగేది. పెట్టె పోవాలని ఓకే నొక్కితే ఆ సర్వీసు మొదలైపోతుంది. దీన్ని యూఎస్ఎస్‌డీ అంటారు. ఎస్సెమ్మెస్‌కీ దీనికీ ఒక తేడా ఉంది: ఇది ఫోన్‌లో నిలవ ఉండదు. మెరిసి మాయమవుతుంది. ఫిర్యాదు చెయ్యాలంటే ఏ మెసేజ్, ఏ తేదీ అని అడుగుతారు. చూపించడానికి ఏమీ ఉండదు. డైరీలో ప్రశ్నార్థకం తప్ప. 2013 జులైలో ట్రాయ్ ఇలాంటి సర్వీసులకి రెండుసార్లు అంగీకారం తీసుకోవాలని, ఆపడానికి అన్ని కంపెనీలకీ ఒకే నంబరు 155223 ఉండాలని ఆదేశించింది. నాన్నకి ఆ నంబరు సంగతి మొన్న నేను చెప్పేదాకా తెలియదు.

ఆపడం సాంకేతికంగా కష్టమనేవాళ్ళకి 2012 ఆగస్టుని గుర్తు చెయ్యాలి. అస్సాం అల్లర్ల తర్వాత వదంతులు పాకి, బెంగళూరు నుంచి ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు రైళ్ళు నిండి వెళ్ళిపోతుంటే, కేంద్రం దేశమంతటా బల్క్ మెసేజ్‌లని పదిహేను రోజులు నిషేధించింది. రోజుకి ఐదు మెసేజ్‌లే, తర్వాత ఇరవై. మా ఆఫీసులో సర్వర్లు చల్లబడ్డాయి. స్విచ్ ఉందని, అది ఒక్క రోజులో పడుతుందని అప్పుడే చూశాను.

నేను ఆ ఉద్యోగం మానేశాక 2018లో మూడో విడత నిబంధనలు వచ్చాయి. ఈసారి బ్లాక్‌చైన్. మెసేజ్ పంపే ప్రతి సంస్థా తన పేరూ, పంపబోయే వాక్యాల నమూనాలూ ముందే నమోదు చేసుకోవాలి, సరిపోలనిది ఆగిపోతుంది. 2021 మార్చి 8న దీన్ని నిజంగా అమలు చేశారు. నమోదు పూర్తిచెయ్యని బ్యాంకుల ఓటీపీలు ఆగాయి, చెల్లింపులు ఆగాయి, అరవై దాటినవాళ్ళకి అప్పుడే మొదలైన కోవిడ్ టీకా నమోదుకి కూడా ఓటీపీలు రాలేదు. హైదరాబాద్‌లో కూర్చుని నేను నాన్న నంబర్ కొడుతున్నాను, అక్కడ ఆయన ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. బహుశా జీవితంలో మొదటిసారి ఒక మెసేజ్ కోసం. "వాళ్ళవి అన్నీ వస్తాయి, ఇదొక్కటే రాదేం?" అన్నాడు. మర్నాడే ట్రాయ్ ఆ వడపోతని వారం పాటు ఆపేసింది.

2025లో ఇంకో సవరణ వచ్చింది. ఇప్పుడు పంపినవాళ్ళ పేరు చివర ఒక అక్షరం ఉంటుంది: ప్రచారమైతే పీ, సర్వీసు అయితే ఎస్, లావాదేవీ అయితే టీ, ప్రభుత్వమైతే జీ. ఫిర్యాదుకి మూడు రోజుల గడువుని ఏడు రోజులు చేశారు. మంచి మార్పులే, నేను ఒప్పుకుంటాను. మా డేటాబేస్‌లోని ఆ గడిని ఇన్నాళ్ళకి జనం కళ్ళ ముందు పెట్టారు.

కనుమ నాడు నాన్న ఫోన్ నుంచి 1909కి 'స్టార్ట్ 0' పంపాను. నాలుగు వేల మెసేజ్‌లు తుడిచాను, నా రైలు టికెట్ ఒక్కటి ఉంచి. ఆయన కొత్త డైరీలో నాలుగు అక్షరాలూ తెలుగులో రాసిచ్చాను. పీ అంటే చూడక్కర్లేదు. టీ, జీ అంటే చూడాలి. నేను బ్యాగు సర్దుకుంటుంటే ఫోన్ మోగింది. కళ్ళజోడు పెట్టుకుని, డైరీ పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చూశాడు. సిమ్ కంపెనీ వాళ్ళే. ప్లాన్ ఇంకా మూడు రోజులుందట, ఇప్పుడే పెద్ద ప్యాక్ వేయించుకుంటే లాభమట.

"చివర ఎస్ అని ఉందిరా" అన్నాడు. "ఎస్ అయితే చదవాలా, అక్కర్లేదా?"