వెనకడుగు

తైచీలో వెనక్కి నడిచే అభ్యాసం ఒకటుంది. బరువంతా ముందు కాలి మీదే ఉంచి, వెనక కాలి వేళ్లను మెల్లగా నేలకి ఆనించి, ఆ నేల నిలుస్తుందని తెలిశాకే బరువు మార్చాలి. ఒక చెయ్యి వెనక్కొస్తుంటే రెండో అరచెయ్యి ముందుకెళుతుంది. మనుబోలులో మా ఇంటి వసారాలో నేనిది చేస్తుంటే చూసి, "ఇది కర్రసాములో అడుగే గదమ్మే" అంది జేజి. పీర్ల పండక్కి మగవాళ్లు కర్ర తిప్పుతుంటే ఆమె గడప లోపల్నుంచి చూసిందే గానీ, ఏనాడూ కర్ర పట్టలేదు.

ఆమె అన్నది నిజమే. ఎదుటివాడి దెబ్బ గాలిలో పోయేటంత దూరం, తన కర్ర అందేటంత దగ్గర: పోరులో వెనకడుగంటే ఆ కొలత. 17వ శతాబ్దంలో చైనాలోని చెన్ కుటుంబం పెంచిన విద్యకీ, మన పల్లె కర్రకీ చుట్టరికం ఉందనడానికి ఈ పోలిక చాలదు. రెండు కాళ్ల మీద నిలిచే శరీరం పడిపోకుండా తప్పుకునే దారులు కొన్నే. మన నాట్యశాస్త్రం కూడా చారీలను నృత్తానికీ యుద్ధానికీ కలిపే చెప్పింది. 'నృత్తరత్నావళి' రాసిన జాయప, కాకతి గణపతిదేవుని గజసేనాని.

మరి శరీరానికి విద్య అయిన ఈ అడుగు, కథలో అవమానం ఎందుకయింది?

అదే 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధికీ కాటమరాజుకీ పుల్లరి దగ్గర పోరు వచ్చింది. సేన నశించి ఖడ్గ తిక్కన ఇంటికొస్తే, భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి స్నానానికి నీళ్లూ, పసుపు ముద్దా ఉంచిందనీ, తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసిందనీ చాటుపద్యాలు చెబుతాయి. అతను తిరిగి వెళ్లి చనిపోయాడు.

వీరపత్ని, వీరమాత అని చదువుకున్నాం. కానీ ఆ ఎత్తిపొడుపులో ఉన్నదేమిటి? ఆడదానిలా స్నానం చెయ్యమనడం. ఆడతనాన్నే తిట్టుగా మార్చి, ఆ తిట్టుని ఆడవాళ్ల చేతే అనిపించారు. అతను చనిపోతే ఆ పసుపు ముద్దే చానమ్మకి నిషిద్ధమవుతుంది. ఆ సంగతి పద్యాలకి పట్టలేదు. తగ్గి, నిలదొక్కుకుని, మళ్లీ పోరాడే దారి ఆ ఇంట్లో ఎవరికీ మిగల్చలేదు.

ఆ సాయంత్రం జేజి వసారా స్తంభం పట్టుకుని ఒకడుగు వెనక్కి వేసింది. ముందు వేళ్లు, తర్వాత మడమ. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నదే.