నిర్గమ ప్యాకెట్ల నష్టం (నెట్‌వర్క్ స్విచ్)

కంప్యూటర్ నెట్‌వర్కులలో వాడే స్విచ్ అనే పరికరం, తన పోర్టు ద్వారా బయటకు పంపవలసిన ప్యాకెట్లలో కొన్నిటిని పంపకుండానే వదలివేయడాన్ని నిర్గమ ప్యాకెట్ల నష్టం అంటారు. సాంకేతిక నిపుణుల వాడుకలో దీనిని అవుట్‌పుట్ డ్రాప్స్ అని పిలుస్తారు. స్విచ్‌లోని ప్రతి పోర్టుకు ఒక లెక్కల పట్టిక ఉంటుంది. అందులో వదలివేసిన ప్యాకెట్ల సంఖ్య పెరగడం కనిపించగానే స్విచ్ చెడిపోయిందని భావించి కొత్తది కొనడం సాధారణంగా జరిగే పొరపాటు. చాలా సందర్భాలలో స్విచ్ బాగానే ఉంటుంది. పోర్టుకు వచ్చే ప్యాకెట్లు, ఆ పోర్టు పంపగలిగినదానికంటే ఎక్కువ కావడమే ఈ నష్టానికి మూలం. కాబట్టి వేగం ఎక్కడ ఇరుకవుతున్నదో కనుగొనడమే పరిష్కారంలో మొదటి మెట్టు.

నేపథ్యం

స్విచ్‌కు ఒక పోర్టు నుండి వచ్చిన ప్యాకెట్టు, దాని గమ్యాన్ని బట్టి మరొక పోర్టు గుండా బయటకు పోతుంది. ఆ సమయానికి బయటకు వెళ్ళే పోర్టు వేరొక ప్యాకెట్టును పంపుతూ ఉంటే, కొత్తగా వచ్చినది బఫర్ అనే జ్ఞాపకశక్తి భాగంలో వరుసలో వేచి ఉంటుంది. బఫర్ పరిమాణం పరిమితం. అది నిండిన తరువాత వచ్చిన ప్యాకెట్టుకు చోటు ఉండదు గనుక స్విచ్ దానిని వదలివేసి, లెక్కలో ఒకటి కలుపుతుంది.

ఓరుగల్లు ప్రాంతపు చెరువులను ఎరిగినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. బఫర్ చెరువు వంటిది, బయటకు వెళ్ళే పోర్టు తూము వంటిది. వాగు నుండి వచ్చే నీరు తూము గుండా పోయే నీటికంటే ఎక్కువైతే చెరువు నిండి మత్తడి దుంకుతుంది. మత్తడి దుంకినంత మాత్రాన చెరువు కట్ట తెగినట్లు కాదు. అయితే ఒక భేదం ఉన్నది. గొలుసుకట్టు చెరువులలో మత్తడి నీరు కింది చెరువుకు చేరుతుంది. స్విచ్ వదలివేసిన ప్యాకెట్టు మాత్రం ఎక్కడికీ చేరదు. పంపిన కంప్యూటరు దానిని మళ్ళీ పంపవలసిందే. జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఘణపురంలోని గణపసముద్రం, మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు కాకతీయుల కాలం నాటివి. వచ్చే నీటిని, నిలువను, పోయే నీటిని కలిపి లెక్కించాలన్న సూత్రం వాటికి ఎంత ముఖ్యమో స్విచ్‌కూ అంతే ముఖ్యం.

లెక్కలో ఒక ఉదాహరణ

ఒక పోర్టు నుండి సెకనుకు 1,000 మెగాబిట్ల వేగంతో దత్తాంశం వస్తున్నదనీ, అది 100 మెగాబిట్ల వేగం గల పోర్టు గుండా బయటకు పోవాలనీ అనుకుందాం. అప్పుడు సెకనుకు 900 మెగాబిట్లు మిగిలిపోతాయి. ఆ పోర్టుకు 1,00,000 బైట్ల బఫర్ ఉంటే, అనగా 8 లక్షల బిట్లు పడితే, అది నిండడానికి పట్టే సమయం సుమారు 0.9 మిల్లీసెకను మాత్రమే. రెప్పపాటులో వందో వంతు కూడా కాని ఈ కాలంలోనే నష్టం మొదలవుతుంది. ఇటువంటి క్షణికమైన రద్దీని మైక్రోబర్స్ట్ అంటారు.

సగటు లెక్కలు ఈ రద్దీని దాచివేస్తాయి. చాలా స్విచ్‌లు పోర్టు వేగాన్ని 5 నిమిషాల సగటుగా చూపుతాయి. ఒక పోర్టు 30 సెకన్ల పాటు పూర్తిగా నిండి, మిగిలిన నాలుగున్నర నిమిషాలు ఖాళీగా ఉంటే సగటు 10 శాతమే కనిపిస్తుంది. "పదో వంతు కూడా వాడడం లేదు, నష్టం ఎలా వస్తుంది?" అన్న ప్రశ్నకు సమాధానం ఇదే.

ప్రభావం

ఇంటర్నెట్‌లో ఎక్కువ దత్తాంశం టీసీపీ అనే నియమావళి ప్రకారం నడుస్తుంది. ప్యాకెట్టు పోయిందని తెలియగానే టీసీపీ దానిని మళ్ళీ పంపడమే గాక తన వేగాన్ని కూడా తగ్గించుకుంటుంది. రద్దీ సమయంలో ఈ విధంగా తగ్గాలన్న పద్ధతిని వాన్ జాకబ్సన్ 1988లో ప్రతిపాదించాడు. కనుక కొద్దిపాటి నష్టం సహజం, ఒక విధంగా అవసరం కూడా. నష్టం లేకపోతే సాంప్రదాయిక టీసీపీకి దారి ఇరుకైన సంగతి తెలియదు.

నష్టం పెరిగితే మాత్రం ఫలితం తీవ్రంగా ఉంటుంది. 1997లో మాథిస్ తదితరులు ప్రకటించిన సూత్రం ప్రకారం, రానుపోను సమయం 20 మిల్లీసెకన్లు ఉన్నప్పుడు 10,000 ప్యాకెట్లకు ఒకటి పోతే ఒక సాంప్రదాయిక టీసీపీ అనుసంధానం సుమారు 70 మెగాబిట్ల వేగాన్ని అందుకోగలదు. నూటికి ఒకటి పోతే అది సుమారు 7 మెగాబిట్లకు పడిపోతుంది. టెలిఫోను, వీడియో సమావేశాల ప్యాకెట్లను సాధారణంగా మళ్ళీ పంపరు గనుక మాట తెగిపోవడం, చిత్రం ఆగిపోవడం జరుగుతుంది.

కారణాలు

వేగాల తేడా: సర్వరు గిగాబిట్ పోర్టులో ఉండి, దాని నుండి దత్తాంశం తీసుకునే కంప్యూటరు 100 మెగాబిట్ల పోర్టులో ఉండడం.

పలువురి నుండి ఒకరికి: ఇరవై కంప్యూటర్లు ఒకేసారి ఒక సర్వరుకు గాని, ఒక అప్‌లింకుకు గాని పంపడం. అన్ని పోర్టుల వేగం సమానమైనా ఇక్కడ నష్టం తప్పదు.

కేబుల్ లోపం: రాగి కేబుల్‌లో గిగాబిట్ వేగానికి 4 జతల తీగలూ కావాలి. 100 మెగాబిట్లకు 2 జతలు చాలు. మిగిలిన రెండు జతలలో ఒకటి తెగినప్పుడు కొన్ని పరికరాలు ఏ హెచ్చరికా లేకుండా 100 మెగాబిట్లకు దిగిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, పని నడుస్తూనే ఉంటుంది, నష్టం మాత్రం మొదలవుతుంది.

డ్యూప్లెక్స్ అసమానత: ఒక వైపు వేగాన్ని, ఫుల్ డ్యూప్లెక్సును చేతితో నిర్ణయించి, రెండవ వైపును స్వయంచాలకంగా వదిలితే, రెండవ వైపు హాఫ్ డ్యూప్లెక్సుకు దిగుతుంది. అక్కడ ఆలస్యపు ఘర్షణలు, ఎదుటి వైపు సీఆర్‌సీ దోషాలు కనిపిస్తాయి. హాఫ్ డ్యూప్లెక్సు పోర్టు మాటిమాటికీ ఆగవలసి రావడంతో దాని వరుస నిండిపోతుంది.

విరామ సంకేతాలు: 1997 నాటి 802.3ఎక్స్ ప్రమాణం ప్రకారం, అందుకునే పరికరం తట్టుకోలేనప్పుడు "కాసేపు ఆగు" అని సంకేతం పంపవచ్చు. అది మాటిమాటికీ వస్తే పంపే పోర్టు బఫర్ నిండుతుంది.

అందరికీ పోయే ప్యాకెట్లు: బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ ప్యాకెట్లు అన్ని పోర్టులకూ పోతాయి. మల్టీకాస్ట్‌లో వీడియో పంపే కెమెరాలు ఉండి, స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ లేకపోతే ఆ వీడియో అవసరం లేని పోర్టులు కూడా నిండుతాయి. ఒకే కేబుల్ రెండు కొసలూ పొరపాటున ఒకే స్విచ్‌లో పెట్టడం వల్ల ఏర్పడే వలయం దీనికి పరాకాష్ఠ.

ప్రాధాన్యపు అమరికలు: కొన్ని స్విచ్‌లలో క్యూఓఎస్ అమరికను ప్రారంభించగానే బఫర్ నాలుగు వరుసలకు పంచబడుతుంది. సాధారణ ప్యాకెట్లన్నీ ఒకే వరుసలో పడితే వాటికి దక్కేది బఫర్‌లో ఒక భాగమే. సిస్కో వారి క్యాటలిస్ట్ 2960, 3750 శ్రేణులలో ఇది ప్రసిద్ధమైన విషయం.

పరిశీలించు విధానం

1. ముందుగా దోషాలను, నష్టాలను వేరుచేయాలి. సీఆర్‌సీ వంటి దోషాలు ప్యాకెట్టు పాడైనదని చెబుతాయి. నిర్గమ నష్టం మంచి ప్యాకెట్టుకు చోటు దొరకలేదని చెబుతుంది. ఎస్ఎన్ఎంపీలో కూడా ఇఫ్‌ఔట్‌ఎర్రర్స్, ఇఫ్‌ఔట్‌డిస్కార్డ్స్ అని రెండు వేర్వేరు లెక్కలు ఉన్నాయి.

2. లెక్కను సున్నా చేసి, సమయం రాసుకొని, కొంతసేపటి తరువాత మళ్ళీ చూడాలి. స్విచ్ ప్రారంభమైన నాటి నుండి పోగైన సంఖ్య వల్ల ఉపయోగం తక్కువ. నేడు పెరుగుతున్నదా, ఏ గంటలో పెరుగుతున్నదన్నదే ముఖ్యం.

3. నిష్పత్తి కట్టాలి. 5 కోట్ల ప్యాకెట్లలో 5,000 పోతే అది 0.01 శాతం. 5 లక్షలు పోతే 1 శాతం. మొదటిది ఉపేక్షింపదగినది కావచ్చు, రెండవది కాదు. కొన్ని నమూనాలలో ఈ లెక్క ప్యాకెట్లలో గాక బైట్లలో ఉంటుంది గనుక పరికరపు గ్రంథాన్ని చూడడం మంచిది.

4. పోర్టు వేగాన్ని, డ్యూప్లెక్సును రెండు కొసలలోనూ చూడాలి. గిగాబిట్ ఉండవలసిన చోట 100 కనిపిస్తే కేబుల్‌ను మార్చి చూడాలి. రాగి కేబుల్ పొడవు 100 మీటర్లకు మించరాదు.

5. సగటు వ్యవధిని తగ్గించాలి. పలు స్విచ్‌లలో దీనిని 30 సెకన్లకు తేవచ్చు.

6. ఏ వరుసలో నష్టం జరుగుతున్నదో, ఏ పోర్టుల నుండి ఆ ట్రాఫిక్ వస్తున్నదో గుర్తించాలి. నష్టం కనిపించిన పోర్టు బాధితుడే గాని కారకుడు కానక్కరలేదు.

7. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, లెక్కను మళ్ళీ చూడాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నివారణ

శాశ్వతమైన నివారణ ఇరుకును వెడల్పు చేయడమే. 100 మెగాబిట్ల పోర్టును గిగాబిట్‌కు పెంచడం, అప్‌లింకుకు రెండు కేబుళ్ళను జతచేయడం ఇందులోకి వస్తాయి. జతచేసినప్పుడు ట్రాఫిక్ రెండింటికీ సమంగా పంచబడుతున్నదో లేదో చూడాలి. ఒకే రెండు కంప్యూటర్ల మధ్య సంభాషణ సాధారణంగా ఒకే కేబుల్ గుండా పోతుంది. ఖర్చు లేని మార్గం కూడా ఉన్నది. పెద్ద బ్యాకప్‌లను రాత్రివేళకు మార్చడం, తరచుగా మాట్లాడుకునే కంప్యూటర్లను ఒకే స్విచ్‌లో ఉంచడం వల్ల నష్టం గణనీయంగా తగ్గవచ్చు. నష్టం తప్పనిచోట టెలిఫోను వంటి సున్నితమైన ట్రాఫిక్‌కు ముందు వరుస కేటాయించాలి.

బఫర్‌ను పెంచడం కూడా ఒక ఉపాయమే, కాని దానికి హద్దు ఉండాలి. 10 మెగాబిట్ల దారికి 10 లక్షల బైట్ల బఫర్ పెడితే, అది నిండినప్పుడు చివరి ప్యాకెట్టు 0.8 సెకను వేచి ఉండాలి. నష్టం తగ్గుతుంది గాని ఆలస్యం భరించరానిదవుతుంది. దీనిని బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి విరుగుడుగా కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ప్రాసంగికత

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా పునర్వ్యవస్థీకరణలో ఏర్పడ్డాయి. దానితో జిల్లా స్థాయి కార్యాలయాలు, వాటి నెట్‌వర్కులు ఈ పట్టణాలకు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. 2020 అక్టోబరులో ధరణి వచ్చిన నాటి నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహశీల్దారు కార్యాలయాలలో ఆన్‌లైనులో జరుగుతున్నది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తెర కదలక నిలిచిపోతే ఒక రైతుకు ఆనాటి పని, ప్రయాణపు ఖర్చు రెండూ వృథా అవుతాయి. "సర్వర్ డౌన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టే ముందు లోపం దూరాన ఉన్న సర్వరులోనా, మధ్య దారిలోనా, గదిలోని స్విచ్‌లోనా అని చూడవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.

గ్రామ పంచాయతీలకు ఫైబర్ కలిపే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదించింది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు మారింది. పంచాయతీకి 100 మెగాబిట్ల వేగం దీని లక్ష్యం. తెలంగాణలో రెండవ దశ పనులను రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టి-ఫైబర్ చేపట్టింది. ఇటువంటి చోట్ల రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, చిన్న కార్యాలయాలలో, పాఠశాలలలో ఉండే చవక స్విచ్‌లు చాలావరకు అన్‌మేనేజ్డ్ రకానివి. వాటిలో చూడడానికి లెక్కల పట్టికే ఉండదు. అక్కడ ఒకే స్విచ్‌లోని రెండు కంప్యూటర్ల మధ్య పెద్ద ఫైలును పంపి వేగాన్ని కొలవడం, తరువాత ఒక్కొక్క కేబుల్‌ను మార్చి చూడడం మేలు. లోపలి వేగం బాగుండి బయటి వేగం తగ్గితే లోపం స్విచ్‌ది కాదు.

రెండవది, స్విచ్ లెక్క సున్నా అయినంత మాత్రాన నష్టం లేదని కాదు. పోర్టు వేగం గిగాబిట్ అయినా చందా వేగం 20 మెగాబిట్లే కావచ్చు. అప్పుడు మత్తడి దుంకేది మన చెరువులో కాదు, సేవ అందించే సంస్థ వద్ద. రౌటరులో పంపే వేగాన్ని చందాకు కొద్దిగా తక్కువగా పరిమితం చేస్తే వరుస మన అధీనంలోకి వస్తుంది, ఏది ముందు పోవాలో మనమే నిర్ణయించవచ్చు. మన వైపు వచ్చే దత్తాంశానికి మాత్రం ఈ ఉపాయం పూర్తిగా వర్తించదు.

విద్యుత్తు పోయి వచ్చినప్పుడు స్విచ్‌లోని లెక్కలు చెరిగిపోతాయి. అందువల్ల తేదీ, సమయం, పోర్టు సంఖ్య, వేగం, నష్టం అనే ఐదు గడులతో ఒక నోటు పుస్తకం ఉంచడం మంచి అలవాటు. వారం రోజుల లెక్క చేతిలో ఉంటే కొత్త స్విచ్ కొనాలా, ఒక కేబుల్ మార్చాలా, బ్యాకప్ వేళ మార్చితే చాలా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది.

ఇవి కూడా చూడండి

కంప్యూటర్ నెట్‌వర్క్
ఈథర్‌నెట్
రౌటరు
భారత్‌నెట్
గొలుసుకట్టు చెరువులు