మంచు గిన్నె లోపలా, వెలుపలా?

చలికాలం వచ్చి నాలుగు అంగుళాల మంచు పడేసరికి మన పిల్లలు బడి నుంచి ఒక కోరిక మోసుకువస్తారు: "స్నో ఐస్‌క్రీమ్ చేద్దామా?" అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దీన్ని "స్నో క్రీమ్" అంటారు. అక్కడ మంచు పడడమే అరుదు గనుక, పడ్డనాడు పండుగే. గిన్నెడు మంచు తెచ్చి, అందులో పాలు, పంచదార, కాస్త వనిల్లా కలిపి, కరిగిపోయేలోగా తినేస్తారు. ఉత్తరాన వెర్మాంట్‌లో మరో ముచ్చట ఉన్నది. మేపుల్ పాకాన్ని కాచి వేడివేడిగా మంచు మీద పోస్తే తీగలా సాగే మిఠాయి అవుతుంది.

ఇంతకీ పిల్లలు మంచు తినవచ్చునా? వైద్యుణ్ణి గనుక నన్ను చాలామంది తల్లులు అడిగే ప్రశ్న ఇది. ఒక్కమాటలో అవుననో కాదనో చెప్పడం కన్నా, మనిషి మంచుతో తిండిని చల్లబరచుకున్న చరిత్రను కొంచెం చెబితే జవాబు దానంతట అదే తేలుతుంది. ఆ చరిత్రలో రెండు దారులున్నాయి. మంచును తినేదానిలో కలపడం ఒకటి. తినేదాన్ని గిన్నెలో ఉంచి, మంచును గిన్నె వెలుపల ఉంచడం రెండోది.

రోమనులు మంచును నిలవచేసి ద్రాక్షసారాలో కలుపుకునేవారు. రోము తగలబడుతుంటే ఫిడేలు వాయించాడని మనం బళ్ళో విన్న నీరో చక్రవర్తికి అది నచ్చలేదు. నీటిని మరగబెట్టి, గాజుపాత్రలో పోసి, ఆ పాత్రను మంచులో దింపే పద్ధతి ఆయన కనిపెట్టిందేనని మొదటి శతాబ్దపు గ్రంథకర్త ప్లినీ రాశాడు. ఆ విధంగా చల్లదనపు సుఖం దక్కుతుంది, మంచులోని దోషం అంటదట! క్రిముల సంగతి లోకానికి తెలియడానికి పద్ధెనిమిది వందల ఏళ్ళ ముందు మాట ఇది.

అయితే కరిగే మంచులో పెట్టినంత మాత్రాన పాలు చల్లబడతాయే గాని పేరుకోవు. అందుకు ఉప్పు కావాలి. ఈ రహస్యం తెలిసే క్రమంలో మా వైద్యుల చెయ్యి కూడా ఉన్నది. సురేకారం నీళ్ళలో కరిగేటప్పుడు నీళ్ళు చల్లబడతాయి. 13వ శతాబ్దంలో డమాస్కస్ వైద్యుడు ఇబ్న్ అబీ ఉసైబియా తాను రాసిన వైద్యుల చరిత్రలో సురేకారంతో చల్లబరచే విధం చెప్పాడు. 1550లో రోములో ఉన్న స్పెయిన్ దేశపు వైద్యుడు బ్లాస్ విల్లాఫ్రాంకా దీనిమీద పుస్తకమే అచ్చువేయించాడు. అక్బరు కొలువులోనూ నీళ్ళను ఇలాగే చల్లబరచేవారని అబుల్ ఫజల్ "అయినీ అక్బరీ"లో రాశాడు. 1586లో కొలువు పంజాబుకు తరలాక ఉత్తరపు కొండల నుంచి లాహోరుకు మంచు తెప్పించుకోవడం మొదలైంది.

సురేకారాన్ని నీళ్ళలో కాక మంచులోనే కలిపితే ఏమవుతుంది? 1589లో ఇటలీ పండితుడు జాంబటిస్టా డెల్లా పోర్టా, సీసాలో ద్రాక్షసారా పోసి, మంచు, సురేకారం కలిపిన తొట్టిలో తిప్పితే సారా గడ్డకడుతుందని రాశాడు. తర్వాత మామూలు ఉప్పుతోనే పని జరిగిపోయింది. 1718లో లండనులో వెలువడిన మేరీ ఈల్స్ వంటల పుస్తకంలో ఆ పని చక్కగా కనిపిస్తుంది. తగరపు పాత్రల్లో మీగడ పోసి గట్టిగా మూత బిగించాలి. బకెట్టు అడుగున గడ్డి పరచి, పాత్రల చుట్టూ చితక్కొట్టిన ఐసు, ఉప్పు కూరి, వెలుతురు సోకని గదిలో నాలుగు గంటలు ఉంచాలి.

ఇందులో కిటుకు ఇది. ఒక గ్రాము మంచు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. ఉప్పు తగిలిన మంచు 0 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువనే కరగడం మొదలుపెట్టి, ఆ వేడిని గిన్నెలోని పాల నుంచి లాక్కుంటుంది. తూకంలో మూడు వంతుల మంచుకు ఒక వంతు ఉప్పు చొప్పున కలిస్తే మైనస్ 21 డిగ్రీల దాకా దిగవచ్చు. తీపి కలిపిన పాలు గడ్డకట్టడానికి మైనస్ 3 డిగ్రీలు మొదలు. ఈ దేశంలో రోజూ వాతావరణ వార్తల్లో వినే ఫారెన్‌హీట్ సున్న కూడా ఇలాంటి తొట్టిలోంచి పుట్టిందే. 1724లో ఫారెన్‌హీట్ తన కొలమానాన్ని ప్రకటించినప్పుడు ఐసు, నీళ్ళు, నవసాగరం కలిపిన చలువను సున్నగా పెట్టుకున్నాడు.

1843లో ఫిలడెల్ఫియా వాసి నాన్సీ జాన్సన్ చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ యంత్రానికి పేటెంటు పొందింది. బయట చెక్క బకెట్టులో ఐసు, ఉప్పు. లోపల డబ్బాలో పాలు. అంచులకు పేరుకున్నదాన్ని గీకి కలిపే తెడ్డు. దానితో ఐస్‌క్రీమ్ మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. ఆ రోజుల్లోనే ఈ దేశపు ఐసు మన వైపుకూ వచ్చింది. బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833 మే నెలలో "టస్కనీ" అనే ఓడలో 180 టన్నుల ఐసు పంపితే, సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. మద్రాసులో ఐసు నిలవకు 1842లో కట్టిన ఐస్‌హౌసు మెరీనా ఒడ్డున నేటికీ ఉన్నది. 1897లో వివేకానందస్వామి బస చేసిన ఆ భవనం పేరు ఇప్పుడు వివేకానంద ఇల్లం.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. మంచు రేకు ఆకాశంలో ఒక నలుసును పట్టుకునే తయారవుతుంది. కిందికి దిగుతూ గాలిలోని మసిని, ధూళిని మరింత ఊడ్చుకొస్తుంది. ఆకాశంలో మనం ఏమి కలిపామో అదే మంచుతో దిగుతుంది. దీనికి 1951 జనవరిలో న్యూయార్క్ రాష్ట్రపు రోచెస్టర్‌లో జరిగినదే సాక్ష్యం. అంతకు ముందు 1945లో, మొదటి అణుపరీక్ష ధూళి సోకిన అట్టల వల్ల కొడాక్ కంపెనీ ఎక్స్-రే ఫిల్ములు పాడయ్యాయి. అప్పటి అనుభవంతో జాగ్రత్తపడిన ఆ కంపెనీ వారి పరికరాలు, జనవరి చివర రోచెస్టర్‌లో పడ్డ మంచులో రేడియోధార్మికతను పసిగట్టాయి. సుమారు రెండువేల మైళ్ళ దూరాన నెవాడాలో 27వ తేదీన అణుబాంబు పేల్చారు మరి! ఫిల్ము కంపెనీలు ఫిర్యాదు చేశాయి. ఆ తర్వాత పరీక్షల సమాచారం వారికి ముందుగా అందేది. ఆ మంచులో ఆడుకునే పిల్లల తల్లులకు మాత్రం అందలేదు. ఫిల్ముకు దక్కిన జాగ్రత్త పసిబిడ్డకు దక్కలేదన్న సంగతి 1997లో సెనేట్ విచారణలో చర్చకు వచ్చింది. రేడియో అయొడిన్ గడ్డి మీద పడి, ఆవు పాలలో చేరి, పిల్లల థైరాయిడ్ గ్రంథికి ఎంత అందిందో జాతీయ కాన్సరు సంస్థ లెక్కకట్టి నివేదిక వెలువరించినదీ ఆ ఏడే.

1963 ఒప్పందంతో అమెరికా, రష్యా, బ్రిటనులు గాలిలో అణుపరీక్షలు మానుకున్నాయి. 1980 తర్వాత ఏ దేశమూ ఆకాశంలో పేల్చలేదు. ఇప్పటి మంచులో ఆ భయం పోయినా మసి, కార్ల పొగ, రోడ్ల మీద చల్లే ఉప్పు, పక్షుల రెట్టలు పోలేదు. నాలుక చాచి ఒక రేకు పట్టుకుంటే బిడ్డకేమీ కాదు. గిన్నెల కొద్దీ తినిపించడం వేరు. కనుక నా సలహా రెండో దారే: మంచును గిన్నె వెలుపలే ఉంచండి.

పాలు, మీగడ, పంచదార కాచి బాగా చల్లార్చండి. పచ్చిగుడ్డు వేయవద్దు, సాల్మొనెల్లా భయం ఉన్నది. గుడ్డు వేసేవారు 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాచాలి. మామిడి గుజ్జు కలిపితే మరీ రుచి. బిగువైన మూత ఉన్న స్టీలు డబ్బాలో సగానికి పోసి, బకెట్టులో నిలిపి, చుట్టూ ఐదారు వంతుల మంచుకు ఒక వంతు గళ్ళ ఉప్పు చొప్పున కూరండి. మంచు పొడిగా ఉంటే కప్పు నీళ్ళు చల్లండి. ఉప్పునీరు లోపలికి పోకుండా మంచు మూత అంచుకు దిగువనే ఉండాలి. డబ్బాను కవ్వంలా అటూ ఇటూ తిప్పుతూ, పదేసి నిమిషాలకు మూత తీసి అంచులు గీకి కలపండి. పిల్లల చేతులకు తొడుగులు తప్పనిసరి; ఉప్పు కలిసిన మంచు చర్మాన్ని త్వరగా గడ్డకట్టించగలదు.

ఈ చలికాలం చేసి చూసి, ఎలా కుదిరిందో మన పత్రికకు రాయండి.