జపాను వెండి నాణేలు – మూడు విలువలు

నేను జపాను వెండి నాణేలు సేకరిస్తానని తెలిసిన మన సంఘం మిత్రులు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఒక్కోటి ఎంత పలుకుతుందండీ?" అడగడంలో తప్పేమీ లేదు. కాసులపేరు మెడలో వేసుకుని, కష్టకాలం వస్తే ఆ కాసులనే తాకట్టు పెట్టుకున్నవాళ్ళం మనం. నాణెం చూడగానే మనకి తూకం గుర్తొస్తుంది. అయితే స్మారక నాణేనికి మూడు విలువలుంటాయి. దాని మీద ముద్రించిన విలువ ఒకటి. అందులో ఉన్న వెండి విలువ రెండోది. అది ఏ సందర్భానికి గుర్తుగా పుట్టిందో, ఎవరి చేతి మీదుగా మనదాకా వచ్చిందో, ఆ విలువ మూడోది. 1964 నుంచి నేటివరకు జపాను వెండి నాణేల చరిత్రంతా ఈ మూడింటి మధ్య పోటీయే.

వెండి నేల

ఈనాడు జపాను అంటే కార్లు, కెమెరాలు గుర్తొస్తాయి. 400 ఏళ్ళ క్రితం ఐరోపా వర్తకులకి గుర్తొచ్చింది వెండి. షిమానే ప్రాంతంలోని ఇవామి గనుల్లో 1533లో ఒక కొత్త పద్ధతి మొదలయింది. ఖనిజాన్ని సీసంతో కలిపి కరిగించి, ఆ సీసాన్ని బూడిదలోకి ఇంకనిచ్చి వెండిని వేరుచేసేవారు. 17వ శతాబ్దపు తొలిరోజుల్లో ప్రపంచంలో దొరికే వెండిలో దాదాపు మూడోవంతు జపానుదేనని చరిత్రకారుల అంచనా. టోక్యోలో ఖరీదైన బజారు గింజా పేరు కూడా వెండి వల్ల వచ్చిందే. వాళ్ళ భాషలో "గిన్" అంటే వెండి. తొకుగావా ప్రభువులు 1612లో వెండి టంకశాలని అక్కడికి తరలించారు. టంకశాల తర్వాత వెళ్ళిపోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది.

యెన్ పుట్టింది 1871లో. ఆ ఏడే ఒసాకాలో కొత్త టంకశాల తెరిచారు. యంత్రాలు హాంగ్‌కాంగ్‌లో మూతపడిన బ్రిటిష్ టంకశాలవి. వాటిని నడిపించడానికి అక్కడ పనిచేసిన థామస్ కిండర్‌నే పిలిపించుకున్నారు. ఇప్పటికీ జపాను టంకశాలకి ముఖ్య కార్యాలయం ఒసాకాయే. దాని ఆవరణలోని చెర్రీ పూలచెట్ల బాటని 1883 నుంచి ఏప్రిల్‌లో వారం రోజులపాటు జనానికి తెరుస్తున్నారు. ఉద్యోగరీత్యా నేను ఒసాకాలో నాలుగేళ్ళున్నాను. ఉగాది వెళ్ళిన కొద్దిరోజులకి ఆ పూలు విచ్చుకునేవి. పూలు చూడటానికి వెళ్ళి, పక్కనే ఉన్న టంకశాల మ్యూజియంలో నాణేల ముందు నిలబడిపోవడం నాకు అలవాటయింది.

లేచి నిలబడిన ఏడాది

జపాను మొట్టమొదటి స్మారక నాణేలు 1964 టోక్యో ఒలింపిక్స్‌వి. నిజానికి ఒలింపిక్స్ 1940లోనే టోక్యోకి రావలసింది. యుద్ధం వల్ల రాలేదు. 24 ఏళ్ళ తర్వాత వచ్చేసరికి దేశం బూడిదలోంచి లేచి నిలబడింది. అక్టోబరు 1న బులెట్ రైలు పరుగు మొదలుపెట్టింది. 10వ తేదీన ఒలింపిక్ జ్యోతి వెలిగించిన సకాయ్ యోషినోరి 1945 ఆగస్టు 6న, అణుబాంబు పడిన రోజునే, హిరోషిమా ప్రాంతంలో పుట్టిన యువకుడు. మనకీ అవి గుర్తుండవలసిన క్రీడలే. హాకీ ఫైనల్లో మనవాళ్ళు పాకిస్తాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది అక్కడే.

ఆ సందర్భంలో రెండు వెండి నాణేలు వచ్చాయి. 100 యెన్లది 60 శాతం వెండి, 4.8 గ్రాములు. అప్పట్లో రోజూ వాడుకలో ఉన్న 100 యెన్ల నాణెం కూడా అదే లోహం, అదే తూకం. 1000 యెన్లది 92.5 శాతం వెండి, 20 గ్రాములు, 35 మిల్లీమీటర్ల వెడల్పు. ఒకవైపు ఫుజి పర్వతం, చెర్రీ పూలు. రెండోవైపు ఒలింపిక్ వలయాలు. ఆనాడు డాలరుకి 360 యెన్లు కనుక 1000 యెన్లంటే మన లెక్కలో సుమారు 13 రూపాయలు. మొత్తం కోటి యాభై లక్షల నాణేలు కొట్టారు. అంటే అచ్చమైన వెండే 277 టన్నుల పైచిలుకు!

చిత్రమేమిటంటే, స్వతంత్ర భారతదేశం మొదటి స్మారక నాణేలు తెచ్చింది కూడా 1964లోనే. ఆ మే నెలలో కన్నుమూసిన నెహ్రూగారి బొమ్మతో రూపాయి, అర్ధరూపాయి నికెల్ నాణేలు వచ్చాయి. మనది నివాళి, వాళ్ళది బతికి బట్టకట్టామన్న సంతోషం.

నా దగ్గరున్న 1000 యెన్ల నాణెం కొన్నది కాదు. ఒసాకాలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు, డెబ్భై దాటిన పెద్దావిడ, మేము అమెరికా బయల్దేరేముందు మా ఆవిడ చేతిలో పెట్టింది. అది విడుదలయిన రోజున వాళ్ళాయన తెల్లవారకముందే బ్యాంకు ముందు వరసలో నిలబడి తెచ్చాడట. "ఖర్చు పెట్టేద్దామనుకున్న నెలలు చాలా వచ్చాయి. పెట్టలేదు," అంది. బజారులో అదేమీ అరుదైన నాణెం కాదు, ఇంటింటా దాచుకున్నదే. ఈనాటి ధరల్లో దానిలోని వెండే 1000 యెన్లకి మించి ఉంటుంది. కాని ఆవిడ ఖర్చు పెట్టని ఆ నెలలకి వెల కట్టే షాపు నాకు ఎక్కడా కనబడలేదు.

అంకె పెరిగింది, ఆశా పెరిగింది

1967లో వాడుకలోని 100 యెన్ల నాణెం నుంచి వెండి తీసేసి రాగి, నికెల్ మిశ్రమం పెట్టారు. ఆ తర్వాత 1970 ఒసాకా ఎక్స్‌పో, 1972 సప్పొరో శీతాకాల ఒలింపిక్స్ నాణేలూ ఆ మిశ్రమంతోనే వచ్చాయి.

వెండి మళ్ళీ కనబడింది 1986లో, షోవా చక్రవర్తి పాలనకి 60 ఏళ్ళు నిండినప్పుడు. మన షష్టిపూర్తిలాగే వాళ్ళకీ 60 ఒక పూర్తి ఆవృత్తం. 20 గ్రాముల అచ్చమైన బంగారంతో లక్ష యెన్ల నాణెం, 20 గ్రాముల అచ్చమైన వెండితో 10,000 యెన్ల నాణెం వేశారు. ఇక్కడే మొదటి విలువ మిగతా రెండింటినీ తొక్కేసింది. బంగారు నాణెంలో ఉన్న బంగారం ఖరీదు సుమారు 40 వేల యెన్లు, ముద్రించిన అంకె లక్ష. మిగిలిన 60 వేలు ప్రభుత్వానికి లాభం. వెండి నాణెంలో ఆ తేడా ఇంకా ఎక్కువ. అంత తేడా ఉన్నచోట దొంగకి దారి దొరుకుతుంది. అదే తూకం బంగారంతో నాణెం కొట్టినా సగానికి పైగా లాభమే కదా! 1990లో, విదేశాల నుంచి వచ్చిన ఆ లక్ష యెన్ల నాణేల్లో లక్షకి పైగా నకిలీవని జపాను పోలీసులు ప్రకటించినప్పుడు దేశం నివ్వెరపోయింది.

ఆ పాఠం వృథా పోలేదు. 1998 నాగనో శీతాకాల ఒలింపిక్స్ బంగారు నాణెం మీద 10,000 అని వేసి, లోపల అంతకంటే ఎక్కువ ఖరీదైన 15.6 గ్రాముల బంగారం పెట్టి, ఆ అంకెకి మించిన ధరకి అమ్మారు. వెండికీ తర్వాత అదే దారి పట్టింది. 2002 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ నుంచి 31.1 గ్రాముల, అంటే ఒక ట్రాయ్ ఔన్సు అచ్చమైన వెండితో 1000 యెన్ల నాణెం వచ్చింది. 2003 ఆసియా శీతాకాల క్రీడల వెండి నాణెం జపాను మొదటి రంగుల నాణెం.

నలభై ఏడు ముక్కల దేశం

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 2008 నుంచి 2016 వరకు వచ్చిన వరస. జపానులో మన జిల్లాల్లాంటి విభాగాలు 47 ఉన్నాయి. స్థానిక పాలనా చట్టం అమల్లోకి వచ్చి 60 ఏళ్ళయిన సందర్భంగా ఒక్కోదానికి ఒక్కో రంగుల వెండి నాణెం వేశారు. అన్నిటికీ ఒకవైపు మంచు, చంద్రుడు, పూలు ఉంటాయి. రెండోవైపు ఆ ప్రాంతం గర్వంగా చెప్పుకునే బొమ్మ. ఒక్కోటి లక్ష మాత్రమే. 47 కలిపినా 47 లక్షలు, 1964 నాటి ఒక్క నాణెం సంఖ్యలో మూడోవంతు కూడా కాదు. మొదట్లో ధర 6000 యెన్లు. అడిగేవాళ్ళు ఎక్కువ కనుక లాటరీ తీసి అమ్మారు.

హొక్కాయిడోకి తోయా సరస్సు మీద ఎర్రతల కొంగలు. క్యోటోకి గెంజి గాథ చిత్రపటం. కోచికి పాతకాలపు సంస్కర్త సకమోతో ర్యోమా. షిమానే నాణెం మీద ఏముందో చెప్పనా? 16వ శతాబ్దంలో ఇవామి వెండితో చేసిన పొడుగాటి వెండి ముక్క! వెండి తన పుట్టిల్లు తాను చెప్పుకున్నట్లుంటుంది. 2012 నాటి ఒకినావా నాణెం మీద షురి కోట ఉంది. 2019 అక్టోబరు 31న ఆ కోట ముఖ్య భవనం కాలిపోయింది. ఆ నాణెం పట్టుకున్నప్పుడల్లా మూడో విలువ ఎలా పెరుగుతుందో అర్థమవుతుంది.

2011 సునామీ తర్వాతి పునర్నిర్మాణానికి గుర్తుగా 2015లో వచ్చిన నాణేల మీద ఒక ఒంటరి పైన్ చెట్టు ఉంది. రికుజెన్ తకాతా ఊరి తీరంలో సుమారు 70,000 చెట్లు కొట్టుకుపోగా మిగిలింది అదొక్కటే. ఉప్పునీటికి తర్వాత అదీ చచ్చిపోయింది. జనం దాన్ని పడనివ్వకుండా స్మారకంగా నిలబెట్టుకున్నారు.

సేకరించాలనుకునే మన పిల్లలకి

1964 నాణెం మీద సంవత్సరం "షోవా 39" అని ఉంటుంది. మన ప్రభవ, విభవల్లాగే వాళ్ళ సంవత్సరాలకీ పేర్లున్నాయి. షోవా అంకెకి 1925, హెయ్‌సెయ్ అంకెకి 1988, రెయ్‌వా అంకెకి 2018 కలిపితే మన లెక్క వస్తుంది. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తండి. నల్లబడితే వెండి గిన్నెల్లా విభూతితోనో చింతపండుతోనో తోమకండి. మెరుపు వస్తుంది, నాణెం పోతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో దాచకండి.

మరొక్క పని చేయండి. ప్రతి నాణెం పక్కన చిన్న కాగితం పెట్టి, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఏమన్నారు అన్నది తెలుగులో రాసి ఉంచండి. జపాను నాణెమే కానక్కరలేదు, అమ్మమ్మ ఇచ్చిన పాత వెండి రూపాయి అయినా సరే. ముద్రించిన అంకె నాణెం మీదే ఉంటుంది, వెండి ధర పేపర్లో ఉంటుంది. మూడోది మాత్రం మనం రాస్తేనే ఉంటుంది.